పొగ ఎక్కడ పుట్టిందంటే

కాగితం మీద నాలుగే వరసలున్నాయి. వాటి కింద దాలమ్మ పేరు ముందే రాసి, పక్కన సంతకానికి చోటు వదిలారు.

“చదవక్కర్లేదమ్మా, నేను చెప్తున్నాగా,” అన్నాడు మోహనకృష్ణ. దాలమ్మ ఆయాగా పనిచేసే బడి వ్యాన్లు మూడింటి మంచీ చెడ్డా చూసేది అతనే. “ఈ పొద్దున ఎనిమిదీ పదికి మా వ్యాను కల్వర్టు గోడకి తగిలింది. డ్రైవరు గోవింద్ మత్తులో తూలుతుండగా నేను చూశాను. వ్యానులో ఏ లోపమూ లేదు. ఇంతే.”

దాలమ్మ కాగితాన్ని చేతికి తీసుకుని, మొహానికి మూరెడు దూరంలో పట్టుకుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆమె చదివింది మూడో తరగతి. అదీ సగమే. అచ్చక్షరాలైతే పరవాలేదు గానీ చేతిరాత దగ్గర ఆమెకి కొంచెం సమయం పడుతుంది. మోహనకృష్ణ పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు. రెండో వరసలో ఆమె వేలు ఆగిపోయింది.

“మత్తులో ఉన్నాడని నానెప్పుడు సెప్పినాను బాబూ?”

“తల వాల్చేశాడని నువ్వే అన్నావు కదా.”

“వాల్చీసినాడు. నిజమే. ఎనకాల పిల్లగుంటలు నలుగురు వాల్చీసినారు. దుర్గాభవాని కక్కీసినాది. ఆరేళ్ల గుంట, అది కూడా తాగీసే ఎక్కినాదేటి?”

పక్క బల్ల దగ్గర ఫీజుల రసీదులు రాస్తున్న కుమారి నవ్వు ఆపుకోలేక తల వంచుకుంది. మోహనకృష్ణకి మాత్రం నవ్వు రాలేదు. పొద్దుట్నించీ అతనికి ఫోన్ల మీద ఫోన్లు. పన్నెండుమంది పిల్లల తల్లిదండ్రులు, మాట్లాడేవాళ్లు తక్కువ, అరిచేవాళ్లు ఎక్కువ. దేవుడి దయవల్ల ఏ పిల్లకీ గీత పడలేదు. వ్యాను ఎడమ పక్క రేకు చీరుకుపోయింది, గోవింద్ నుదుటికి మూడు కుట్లు పడ్డాయి, అంతటితో పోయింది. కానీ ఎందుకు తగిలిందో ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. ఆదివారం పూట గోవింద్ చేపల కూరతో పాటు కాస్త పుచ్చుకుంటాడని ఊరందరికీ తెలుసు. శుక్రవారం పొద్దున కూడా పుచ్చుకున్నాడంటే నమ్మడానికి ఎవరికీ కష్టం లేదు. నోరు ఊది చూపించమని ఎవరైనా అప్పుడే అడిగుంటే ఆ గొడవే ఉండేది కాదు. ఎవరూ అడగలేదు.

“పొగ బాబూ,” అంది దాలమ్మ. “వ్యానులోకి పొగొచ్చింది. కంటికి కనపడనేదు గానీ నా నెత్తి ఇప్పుటికీ అదే కంపు. సూడండి.” జుట్టు ముడి విప్పబోయింది.

“వద్దులే. సైలెన్సర్ పోయిన నెలే కొత్తది వేయించాం. విజయనగరంలో. ఇదిగో బిల్లు.” సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. “సైలెన్సర్ కొత్తదైతే పొగ లోపలికెలా వస్తుంది? ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పు, ఇప్పుడే ఈ కాగితం చింపేస్తాను.”

ఎక్కణ్ణించి. దాలమ్మ బిల్లు వైపు చూసింది. వ్యాను అడుగున ముందునుంచి వెనక్కి పోయేదంతా ఆమెకి తెలిసినంతలో సైలెన్సరే. డ్రైవర్లూ అంతే అంటారు, పిల్లలూ అంతే అంటారు. అది కొత్తదే. నల్లగా నిగనిగలాడుతూ ఉండడం ఆమె కూడా చూసింది.

“సోమవారం బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు,” అన్నాడు మోహనకృష్ణ, ఈసారి కొంచెం మెత్తగా. “ఆయన ముందు నిలబడి ‘పొగ బాబూ, పొగ’ అంటే ఏం రాసుకుంటాడమ్మా? వాడి లైసెన్సు ఎలాగూ పోతుంది. నీ పనెందుకు పోగొట్టుకుంటావు?”

దాలమ్మ కాగితాన్ని జాగ్రత్తగా అతని వైపు జరిపింది. “సోమారమే సెప్తాను బాబూ. ఎక్కణ్ణించి వచ్చినాదో కూడా సెప్తాను,” అని లేచింది. గుమ్మం దాటాక గానీ తను ఎంత మాట అనేసిందో ఆమెకి తెలిసిరాలేదు.

శనివారం పొద్దున్నే నెల్లిమర్లలో గోవింద్ ఇంటికి వెళ్లింది. గోవింద్ నులక మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటి కట్టు కింద కళ్లు ఉబ్బిపోయి, మనిషి పదేళ్లు పెద్దవాడిలా కనిపించాడు. నలభై ఏళ్లవాడు. పద్దెనిమిదో ఏట నుంచి స్టీరింగు తప్ప ఇంకోటి పట్టింది లేదు.

“అప్పా, నువ్వెందుకొచ్చినావు? సంతకం పెట్టీసి ఊరుకోక.” దాలమ్మని అతను సొంత అక్కలాగే పిలుస్తాడు.

“నీకెవుడు సెప్పినాడు పెట్టనేదని?”

“కుమారి ఫోన్ సేసినాది.” అతను నవ్వబోయి, కుట్లు లాగితే మొహం చిట్లించాడు. “గుంట కూడా తాగీసిందేటని అడిగినావంట కదా.”

“మరి అడగనా?” దాలమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. తెచ్చిన గిన్నె మూత తీసి గంజన్నం, ఉల్లిపాయ ముక్క అతని ముందు పెట్టింది. అతను తింటుంటే చూస్తూ, చెప్పడానికి వచ్చిన మాట చెప్పలేక గిన్నె మూతని చీర చెంగుతో తుడుస్తూ కూర్చుంది.

ఆ మాట కిటికీల సంగతి. మార్గశిరం వచ్చిందంటే ఆ పక్క తెల్లారేసరికి మంచు ఎంత దట్టంగా దిగుతుందో చెప్పక్కర్లేదు, ముందు పోయే సైకిలు కూడా కనపడదు. పిల్లలు చెవులకి గుడ్డలు కట్టుకుని ఎక్కేవారు. అద్దాలు సరిగ్గా మూసుకోక సందుల్లోంచి ఈడ్చి గాలి కొడుతుంటే దాలమ్మే పాత చీర చింపి, పేలికలు చేసి, ఒక్కో సందులో వేలితో కుక్కింది. పది రోజులైంది. తర్వాత పిల్లలు తలనొప్పి అన్నారు. మంచు తగిలిందనుకుంది. ఇంకో రెండు పేలికలు కుక్కింది. ఇంటి దగ్గర చంటిపిల్లకి జలుబు చేస్తే తలుపులు మూసినట్టే మూసింది. తన తల కూడా నొప్పెడుతుంటే నుదుటికి మందు రాసుకుని, తువ్వాలు బిగించి కట్టుకుంది.

“గోవిందూ, ఆ కిటికీలు…”

“ఆ ఊసెత్తకు,” అన్నాడు గోవింద్ గబుక్కున. “నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టరు ఆస్పత్రికొచ్చి నా మాటలన్నీ రాసుకోని ఎల్లినాడు. అయిపోనాది. నువ్వు కిటికీల మాట ఎక్కడా అనకు. ఇంటన్నావా?”

“ఏల అనకూడదు?”

“అనకంటే అనకు. నువ్వు ముసిల్దానివి, నీకేటి తెలుస్తాది.”

“నాను ముసిల్దాన్నా? ఉండు, నీ నుదుటికి రెండో పక్క కూడా కుట్లేయిస్తాను,” అంది గానీ దాలమ్మకి సంగతి అర్థమైంది. వాడికి తెలుసు. కిటికీలు మూసింది తనేనని, దానివల్లే పొగ నిలిచిపోయిందని వాడికీ తట్టింది. తట్టినా ఒక్క మాట అనలేదు. ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని ఆమె జూట్‌మిల్లు రోడ్డు వైపు నడిచింది.

దెబ్బతిన్న వ్యాను యుగంధర్ షెడ్డులో ఉంది. ఇన్‌స్పెక్టరు చూసేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకూడదని మోహనకృష్ణ గట్టిగా చెప్పి వెళ్లాడట. యుగంధర్‌కి ముప్పై ఏళ్లుంటాయి. మాటల్లో చిటపటలాడతాడు గానీ పనిలో చెయ్యి నిదానం. దాలమ్మ వచ్చేసరికి ఏదో ఆటో కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“అల్లుడా, ఆ వ్యాను సూపించు.”

“సూడు అత్తా, ఎదురుగానే ఉన్నాది కదా.”

“పైన కాదు. పొగ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతాదో అది సూపించు. ఒక్కోదాని పేరు సెప్పు. సోమారం నాను సెప్పాల.”

ఆటో కిందనుంచి యుగంధర్ బయటికి జరిగి ఆమెను ఎగాదిగా చూశాడు. వేళాకోళం ఆడబోయి, ఎందుకో మానుకుని, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

ముందు వెనక్కి తీసుకెళ్లాడు. “ఇది కనపడతన్నాదా, బయటికి పొడుసుకోని? ఇది టెయిల్ పైపు. దాని ముందర ఈ లావుపాటి డబ్బా, ఇదే సైలెన్సర్. దీని పని మోత తగ్గించడమే. కొత్తదే, దీనికేటీ నేదు.”

“ఇదొక్కటేనా సైలెన్సరు?”

“ఇదొక్కటే. అందరూ మొదలంటా సైలెన్సరే అంటారు. నానూ అంటాను. కానీ నువ్వు అనకు. నువ్వు సైలెన్సర్ అన్నావనుకో, ఆయన వచ్చి ఈ డబ్బా సూసి, బిల్లు సూసి, కొత్తదేనని రాసీసి ఎల్లిపోతాడు. ఆయన కాగితం మీద గళ్లుంటాయి అత్తా. దేని పేరు సెప్తే ఆ గడిలోనే గుర్తు పెడతాడు.”

దాలమ్మ తల ఊపింది. గడి సంగతి ఆమెకి బాగా అర్థమైంది. రేషన్ కార్డులో పేరు పక్క గడిలో పడి ఎనిమిది నెలలు తిరిగిన మనిషి.

యుగంధర్ షెడ్డు మూలనున్న తుక్కులోంచి ఒక్కొక్కటే తీసుకొచ్చి గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. పాత సైలెన్సర్ ఒకటి. దాని ముందు కోసిన డబ్బా ఒకటి, లోపల చిన్న చిన్న గదులతో అచ్చం తేనెపట్టులా ఉంది.

“ఇది కన్వర్టర్. పొగలో ఇసాన్ని ఇరగ్గొట్టేది ఇదే.”

“ఇసం ఇరగ్గొట్టేది ఎనకాల ఎక్కడో ఉంటే, ముందరే కారిపోయిన పొగ మాటేటి?”

“అదే గదా. ఇంకా ఇరగని పొగ అది. దానికి రంగుండదు, మంటుండదు. తలకాయ తిరుగుతాది, నిద్రొచ్చినట్టుంటాది.” అతను ఇంకో ముక్క పెట్టాడు, వంగిన గొట్టం. “ఇది బెండు పైపు. పుస్తకాల్లో ఫ్రంట్ పైపంటారు. దీని ముందర ఇదిగో, నాలుగు కాళ్ల పోత ఇనుము, మానిఫోల్డు. ఇంజిన్లోంచి పొగ ముందు దీంట్లోకే దిగుతాది.”

దాలమ్మ గోనెపట్టా పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో ముక్క మీదా చెయ్యి వేస్తూ పేరు పలికింది. మానిఫోల్డు. బెండు పైపు. కన్వర్టర్. సైలెన్సర్. టెయిల్ పైపు. తప్పినప్పుడల్లా మళ్లీ మొదటికి వచ్చింది. ఆటో తెచ్చినతను బండి సంగతేంటని అడిగితే, ఉండవయ్యా, పరీక్ష జరుగుతన్నాదని యుగంధర్ కసిరాడు.

అప్పుడతను వ్యాను తలుపు తీసి, డ్రైవరు సీటు పైకి లేపాడు. ఆ రకం వ్యాన్లకి ఇంజిను సీటు కిందే ఉంటుంది. ఏమీ విప్పకుండా, చెయ్యి పెట్టకుండా, టార్చి మాత్రం వేశాడు. దాలమ్మ మెడ సాచి లోపలికి చూసింది.

ఇరవై ఏళ్లు బెల్లం వండే పొయ్యి దగ్గర చెరకు పిప్పి ఎగదోసిన మనిషి ఆమె. పెనం అంచు దగ్గర మట్టి పగిలి పొగ బయటికి తన్నితే, మంట ఆరిన తర్వాత కూడా అది ఎక్కడ తన్నిందో మసే చెబుతుంది. సందు దగ్గర చిక్కగా మొదలై, విసనకర్రలా విచ్చుకుంటూ పోను పోను పలచబడుతుంది. ఇక్కడా అదే మసి. విసనకర్ర పిడి ఎటుందో ఆమె కళ్లు అటే పోయాయి.

“సూసినావా,” అన్నాడు యుగంధర్. “మానిఫోల్డు లీకు. అదే సెప్పు, సాలు.”

“కాదు.”

“ఏటి కాదు?”

“నాలుగు కాళ్లూ శుబ్బరంగా ఉన్నాయి కదా. మసి దాని మీద నేదు. టార్చి కిందకి ఎయ్యి. ఇంకా కిందకి. మానిఫోల్డు అయిపోయి బెండు పైపు మొదలయ్యే కాడ, రెండు పలకలు కలిసినాయి సూడు, ఆ అతుకు మద్దెనించి తన్నింది.”

యుగంధర్ టార్చి అటు తిప్పాడు. తల లోపలికంటా దూర్చి చూశాడు. బయటికి వచ్చాక మొహం మారిపోయింది. “అవునత్తా. గ్యాస్కెట్ అది. రెండు పలకల మద్దెన బిళ్లలాగ ఉంటాది.”

“నానొచ్చి మానిఫోల్డు అనుంటే?”

“ఆయన మానిఫోల్డు సూసీసి, పగుల్నేదు, బాగుందని రాసును.” యుగంధర్ మెడ వెనక గోక్కున్నాడు. “రోజూ సేసే పనే గదాని నోటికొచ్చింది అనీసినాను.”

“పేరు తెలిసినోడివి నువ్వు నోటికొచ్చింది అంటే, తెలీని మాలాటోల్లు ఎక్కడికి పోవాలిరా?” అంది దాలమ్మ. కోపంగా అనలేదు. అతని చేతిలోంచి టార్చి తీసుకుని, సీటు కింద మూత చుట్టూ వేసి చూసింది. ఇంజిను మీద కూర్చునే ఆ మూతకి రబ్బరు పట్టీ ఉంది. డ్రైవరు కాలి వైపు జానెడు మేర తెగి వేలాడుతోంది. దాని అంచున కూడా సన్నగా మసి. పొగ అక్కణ్ణించి లోపలికి వచ్చింది. అందరికంటే ముందు గోవింద్ ముక్కుకే వచ్చింది.

“మరి కొత్త సైలెన్సరు ఏసినోడికి ఇదంతా కనపడనేదా?”

యుగంధర్ ఆలోచించాడు. “ఆ సైలెన్సర్ ఎక్కాలంటే ముందర బెండు పైపు ఒదులు సెయ్యాల. ఒదులు సేసినప్పుడు ఈ గ్యాస్కెట్ కొత్తది ఎయ్యాల. పాతదే పెట్టీసి బిగించినట్టున్నాడు. ఒకసారి నలిగిన బిళ్ల మళ్లీ కూర్సోదు.” అంటూనే అతనికి తట్టింది. “అంటే అత్తా, సైలెన్సర్ ఏసినరోజే లీకు మొదలైనాది!”

దాలమ్మ పాత పరీక్ష పేపరు వెనక అతని చేత పేర్లు రాయించుకుంది. వరసగా, పెద్దక్షరాలతో. గ్యాస్కెట్ అన్నచోట కింద గీత గీయమంది.

ఆదివారం ఆమె అంట్లు తోముతూ చదివింది, బియ్యం ఏరుతూ చదివింది. పేర్లు వచ్చేశాయి. ఇబ్బంది పేర్ల దగ్గర లేదు. ఎక్కడ పుట్టిందో చెప్పాక, ఇన్నాళ్లూ బయటికి ఎందుకు పోలేదని ఆయన అడగడా? అడక్కపోయినా, ఎక్కడ పుట్టిందో అంత కచ్చితంగా చెప్పి, ఎందుకు నిలిచిందో చెప్పకుండా ఊరుకోవడం ఎలా? దుర్గాభవానిని ఒళ్లో పడుకోబెట్టుకుని, మంచు తగలకుండా ఆ పక్కనున్న సందులో ఇంకో పేలిక కుక్కిన వేలు ఇదే. చాలాసేపు ఆ వేలిని చూసుకుంది. ఆయా పని పోతే మళ్లీ పొలం పనే. మోకాళ్లు ఒప్పుకోవు. అయినా పేపరు అడుగున, తన వంకర అక్షరాలతో, తనే రాసుకుంది. కిటికీలు నేను.

సోమవారం పదింటికి ఇన్‌స్పెక్టరు నరసింగరావు యుగంధర్ షెడ్డు ముందు జీపు దిగాడు. నెరిసిన మనిషి, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. మోహనకృష్ణ బిల్లు చేతికిచ్చాడు. నరసింగరావు వ్యాను వెనక్కి వెళ్లి, వంగి సైలెన్సర్ చూసి, అట్ట మీది కాగితంలో ఏదో రాయబోయాడు. గోవింద్ షెడ్డు గుంజకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

“బాబూ, అది బాగానే ఉన్నాది. అక్కడ గుర్తు పెట్టీకండి,” అంది దాలమ్మ.

ఆయన తలెత్తాడు. “ఎవరమ్మా నువ్వు?”

“వ్యాను ఆయానండి. ఆ రోజు గుంటలతో ఉన్నాను. పొగ సైలెన్సర్లో పుట్టనేదండి. ఇంజిన్లోంచి మానిఫోల్డులోకి దిగినాది, అక్కడా బాగానే ఉన్నాది. మానిఫోల్డు కింది పలకకీ బెండు పైపు పలకకీ మద్దెన గ్యాస్కెట్ ఉన్నాది కదండి, అక్కడ తన్నింది. కన్వర్టర్ దాకా పోనేదు. మూత రబ్బరు డ్రైవరు కాలికాడ తెగిపోనాది, అందులోంచి లోపలికొచ్చినాది. సీటెత్తి సూడండి.”

ఒక్క గుక్కలో చెప్పేసి, చేతులు చీర చెంగులో దాచుకుంది. మోహనకృష్ణ ఆమె వంక చూసి, యుగంధర్ వంక చూశాడు. యుగంధర్ నాకేం తెలీదన్నట్టు ఆకాశం చూశాడు.

నరసింగరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. సీటు ఎత్తించాడు. ఇంజిను స్టార్ట్ చెయ్యమన్నాడు. జేబులోంచి సిగరెట్టు పెట్టెలో ఉండే పల్చటి కాగితం ముక్క తీసి, పట్టకారుతో పట్టుకుని, మానిఫోల్డు దగ్గర ఆడించాడు. కాగితం కదల్లేదు. కిందికి జరిపి రెండు పలకల అతుకు దగ్గర పెట్టాడు. కాగితం పటపటా కొట్టుకుంది. వెనక్కి తీసి చూస్తే దాని మీద మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు.

“ఆపు,” అన్నాడు. బిల్లు మళ్లీ అడిగి తీసుకుని తేదీ చూశాడు. కింద రాసిన సామాను పట్టీ చూశాడు. అందులో గ్యాస్కెట్ లేదు. “సైలెన్సర్ మార్చినప్పుడే ఇది కూడా మార్చుండాల్సింది. దీంతో నెలరోజులు పిల్లల్ని తిప్పారా?”

మోహనకృష్ణ మొహంలో నెత్తురు లేదు. “కొత్తది వేయించాం కదా అనుకున్నానండీ,” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అతని తమ్ముడి కొడుకు కూడా అదే వ్యానులో వస్తాడు.

“ఇంకోటి ఉన్నాది బాబూ,” అంది దాలమ్మ.

గోవింద్ గుంజ వదిలేసి ఒకడుగు ముందుకు వేశాడు. “అప్పా, ఊరుకో.”

“నువ్వూరుకోరా. బాబూ, కిటికీలు నాను మూసీసినాను. సందుల్లో పేలికలు కుక్కినాను, మంచు కొడతాదని. కిటికీలు తీసుంటే ఇంత అయ్యుండదు. అదీ రాసుకోండి.”

నరసింగరావు ఆమెను కాసేపు చూసి, అట్ట మీది కాగితాలు తిరగేశాడు. ఒకచోట ఆగాడు. “డ్రైవరు వాంగ్మూలంలో వేరుగా ఉందే. ‘చలిగా ఉందని కిటికీలు నేనే మూయించాను, సందుల్లో గుడ్డలు నేనే పెట్టించాను, ఆయాకి సంబంధం లేదు’ అని. సంతకం కూడా ఉంది.”

దాలమ్మ మెల్లగా గోవింద్ వైపు తిరిగింది. మొన్న మంచం మీద వాడు ఎందుకు అంత గబుక్కున నోరు మూయించాడో ఇప్పుడు తెలిసింది. తాగుబోతన్న పేరు నెత్తిమీద వేలాడుతుండగా, నుదుట కుట్ల నెత్తురు ఆరకుండానే, వీడు ఇంకో తప్పు కూడా అడిగి మరీ నెత్తిన పెట్టుకున్నాడు.

“అప్పకి జాలెక్కువండి,” అన్నాడు గోవింద్ ఇన్‌స్పెక్టరుతో. “నన్ను కాయాలని మీదేసుకుంటన్నాది.”

“ఒరే అబద్దాలకోరా! నా సీర నాను సింపుకున్నాను. నీకు సందులో పేలిక కుక్కడం వొచ్చా? ఆ గుడ్డలు ఇంకా అక్కడే ఉన్నాయి, రా, సూపించు నువ్వెలా పెట్టినావో!” గొంతు ఎంత గట్టిగా లేచిందో కళ్లు అంత గట్టిగా కారాయి. యుగంధర్ నవ్వాడు. నరసింగరావు కూడా మొహం పక్కకి తిప్పుకుని గొంతు సవరించుకున్నాడు.

ఆయన ఆటో మడ్‌గార్డు మీద అట్ట ఆనించుకుని నిలబడే రాశాడు. రాసి పైకి చదివాడు. మానిఫోల్డుకీ ఫ్రంట్ పైపుకీ మధ్య గ్యాస్కెట్ లోపం, ఇంజిను మూత రబ్బరు తెగి ఉంది, పొగ లోపలికి చేరడంవల్ల డ్రైవరు స్పృహ తప్పాడు, బాగుచేసి మళ్లీ చూపించేదాకా వ్యాను రోడ్డెక్కకూడదు, డ్రైవరు తప్పు లేదు. కిటికీలు మూసినది ఆయా, పిల్లలకి చలి తగలకూడదని, పొగ సంగతి తెలియక.

“సివరాఖరి ముందరిది మళ్లీ ఒకసారి సదవండి బాబూ,” అంది దాలమ్మ.

“ఏది?”

“డ్రైవరు గురించిది.”

ఆయన చదివాడు. గోవింద్ అరచేత్తో మొహం మూసుకుని షెడ్డు బయటికి వెళ్లిపోయాడు. దాలమ్మ తీరిగ్గా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది.

జీపు వెళ్లాక మోహనకృష్ణ కాసేపు అక్కడక్కడే తచ్చాడాడు. చొక్కా జేబులోంచి శుక్రవారం నాటి కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి, ఎక్కడ పడెయ్యాలో తెలియక మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. తర్వాత ఫోను తీసి దాలమ్మ దగ్గరికి వచ్చాడు.

“మిగతా రెండు వ్యాన్లూ విజయనగరంలో అక్కడే చేయించానమ్మా, అదే నెలలో. ఇప్పుడే ఆపించేస్తాను. ఏం చూడమని చెప్పాలి వీళ్లకి? ఆ పేర్లు వరసగా చెప్పు, రాసుకుంటాను.”

“రాసుకోండి బాబూ. ముందర మానిఫోల్డు.” ఆమె ఒక్కోటీ చెప్పి, అతను రాసేదాకా ఆగి, తర్వాతిది చెప్పింది. గ్యాస్కెట్ దగ్గర అతని వేలు తడబడితే మళ్లీ చెప్పింది. “కిటికీలు కూడా రాయండి. మిగతా ఆయాలకి నాను సెప్తాను, రేపు పొద్దున్నే. నాను ఉంటే.”

“ఉంటావు,” అన్నాడు మోహనకృష్ణ రాస్తూనే.

రోడ్డవతల టీ బడ్డీ దగ్గర గోవింద్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. దాలమ్మ రోడ్డు దాటి వెళ్లింది. రెండు టీలు చెప్పి, ఒకటి వాడి చేతికిచ్చింది.

“ఎందుకలగ రాయించినావురా?”

అతను గ్లాసు అంచు మీద వేలు తిప్పాడు. “నా లైసెన్సు ఎలాగూ పోతాదనుకున్నాను అప్పా. నాతోపాటు నీ పని కూడా ఏల పోవాలి? గుంటలకి సలేస్తాదని సేసినదానికి నీ పేరు రాయమని సెప్పడానికి నాకు నోరు రానేదు.”

దాలమ్మ తన గ్లాసులో సగం టీ వాడి గ్లాసులోకి ఒంపింది. కుట్లు లాగకుండా మెల్లగా తాగమంది.